చర్మం కింద సిరా

మిత్రమా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు దాటింది. తిట్టుకునే ఉంటావు. ఈ మూడు వారాలూ ఒక ముసలి నావికుడి చేతులకు పచ్చబొట్లు పొడుస్తూ కూర్చున్నాను. కంప్యూటర్లో పుట్టిన మనిషేలే. అయినా ప్రాణమున్నవాడి కంటే ఎక్కువ పేచీ పెట్టాడు.

బొమ్మలు నాలుగు రోజుల్లో తేలిపోయాయి. ఎడమ భుజాన్ని చుట్టుకుని దిగే పాము, మణికట్టు మీద లంగరు, కుడి ముంజేతి మీద ఓడ పేరు. వాటిని ఒంటికి ఎక్కించడంలోనే ఉంది తిప్పలంతా. చొక్కా కుట్లు విప్పి బల్ల మీద పరిచినట్టు, త్రీడీ శరీరాన్ని కోసి చదునుగా పరుస్తారు. దాన్ని యూవీ అంటాం. అక్కడ చక్కగా కనిపించిన పాము ఒంటి మీదికి రాగానే భుజం దగ్గర సాగిపోయింది, చంక కింద కుట్టు దగ్గర తెగిపోయింది. చివరికి త్రీడీ మోడల్ మీదే నేరుగా గీశాను. చేయి చాచి ఉన్నప్పుడు బాగానే ఉంది. మోచేయి మడవగానే పాము కన్ను ముడతలో పడి, నాకే కన్ను కొట్టింది! తలను రెండు అంగుళాలు పైకి జరిపాను.

మరో తమాషా విను. మోడల్ చేసినవాళ్లు చోటు కలిసొస్తుందని రెండు చేతులనూ యూవీలో ఒకదాని మీద ఒకటి పేర్చారు. కుడి చేతి మీద ఓడ పేరు రాస్తే, ఎడమ చేతి మీద అదే పేరు అద్దంలో చూసినట్టు తిరగబడి వచ్చింది. విడదీసి, ఒక్కో చేతికీ 4096 పిక్సెళ్ల వెడల్పున్న పలక విడిగా ఇచ్చేసరికి రెండు రోజులు పోయాయి.

అంతా అయ్యాక చూస్తే అచ్చం స్టిక్కరు అంటించినట్టుంది. తప్పు నాదే. సిరాను చర్మం పైన పూశాను. నిజానికి సూది సిరాను పైపొర దాటించి, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున వదులుతుంది. సిరా మీద చర్మం అలాగే ఉంటుంది. అంటే మెరుపునూ రంధ్రాలనూ వెంట్రుకలనూ ముట్టుకోకూడదు, లోపలి రంగు ఒక్కటే మార్చాలి. అలా మార్చానో లేదో, గీతల అంచులు కాస్త మెత్తబడి, బొమ్మ ఒంట్లోకి ఇంకిపోయింది.

ఇక వయసు. సిరా రేణువులను చర్మంలోని కణాలు మింగి పట్టుకుంటాయి, అవి చచ్చిపోతే కొత్తవి వచ్చి మళ్లీ మింగుతాయి. బొమ్మ చెరిగిపోకపోయినా ఏళ్ల తరబడి గీతలు లావెక్కుతాయి, నలుపు నీలిపచ్చగా వెలుస్తుంది. కాబట్టి నలభై ఏళ్ల నాటి పాముకు ప్రతి పొలుసూ విడిగా కనిపించకూడదు. నేను కళ్లు కాయలు కాచేలా గీసిన పొలుసుల్లో సగం నేనే అలికేశాను. దర్శకుడికి మాత్రం అన్నీ స్పష్టంగా కావాలట! రెండు రోజులు వాదించి నెగ్గాను.

మనసుకు నచ్చినది మాత్రం లంగరే. దాని మీదుగా ఒక పాత గాయపు మచ్చ గీశాను. మచ్చ ఉన్నచోట సిరా తెగి, కొక్కెం రెండో సగం వెంట్రుకవాసి పక్కకు జరిగింది. అంత పామును వదిలేసి అందరూ దాన్నే దగ్గరికి లాక్కుని చూశారు.

నీ భుజం మీది పాత పచ్చబొట్టును పగటి వెలుతురులో, బాగా దగ్గరగా ఫోటో తీసి పంపు. అంచుల దగ్గర ఎంత వెలిసిందో చూడాలి. నా పాము తోక ఇంకా కొత్తగానే కనిపిస్తోంది.

నీ
మిత్రుడు