రెండో గోడ సంగతి

నల్లకుంట, ఆదివారం

చిట్టితల్లీ,

నీ ఫోన్ వచ్చి పంతొమ్మిది రోజులైంది. లెక్కపెట్టానని కాదు, పాలవాడి క్యాలెండర్ ఎప్పుడూ కళ్ళెదురుగానే ఉంటుంది కదా. ఒకే ఊళ్లో ఉండి ఉత్తరమేమిటని నవ్వుతావు. వాట్సాప్‌లో రాస్తే నీలం టిక్కులు పడి ఊరుకుంటున్నాయి మరి.

మొన్న బుజ్జిగాడు వచ్చి నీ ఫ్లాట్ కబుర్లు చెప్పాడు. హాల్లో ఒక గోడకి ఇటుక రంగు వేయించావట, భలే ఉందట. పక్క గోడకి మాత్రం పుట్టీ పెట్టించి అలాగే వదిలేశావట, నిచ్చెన కూడా అక్కడే ఉందట. వానలని ఆపి ఉంటావు, మంచి పని. చెమ్మ మీద రంగేస్తే నాలుగు రోజులకే పొక్కులు లేస్తుంది.

ఆ రంగు నాకు నచ్చిందమ్మా. పాత ఇంట్లో మీ నాయనమ్మ గోడలకి పైన సున్నం, కింద మూరెడు ఎత్తున జాజు పూయించేది. ఎండాకాలం ఆ ఎర్రగచ్చు మీద చాప కూడా లేకుండా పడుకునేదానివి. అలాంటిదానికి తెల్ల టైల్స్ మధ్య తోచకపోవడంలో వింతేముంది! కానీ ఒక్కమాట. నీ హాలు పడమటి వైపు. సాయంత్రం ఎండ పడితే ఆ ఇటుక రంగు నిప్పులా ఉంటుంది, రాత్రి తెల్ల ట్యూబ్‌లైట్ కింద బురదలా కనిపిస్తుంది. బల్బు పెట్టె మీద 2700 గానీ 3000 కెల్విన్ గానీ ఉందేమో చూసి కొను, పసుప్పచ్చని వెలుగొస్తుంది. రెండో గోడకి గంధం రంగు చాలు. చేర్యాల బొమ్మ దాని మీదే పెట్టు. ఆ బొమ్మ వెనకంతా ఎరుపే, ఇటుక గోడ మీద తేలదు. పైగా సుద్దమట్టి, చింతగింజల గంజి పూసిన బట్ట, చెమ్మ తగిలిందంటే పాడైపోతుంది. నేల మీదకి వరంగల్ తివాచీ బాగుంటుంది. కొనకు, ఇప్పుడెందుకు ఖర్చు, మన అటక మీదున్నది దులిపి తెస్తా.

ఖర్చంటే గుర్తొచ్చింది. మీ ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారని బుల్లెత్తయ్య ఎక్కడో విన్నదట. ఆవిడ మాటలకేం గానీ. నేను అడగటం లేదు.

నువ్వు యూకేజీలో ఉన్నప్పుడు దసరా ముందు ఇంటికి వెల్ల వేయించడం మొదలుపెట్టాను. సున్నం నానబెట్టి, గుడ్డలో వడగట్టి, తుమ్మజిగురు, చిటికెడు నీలిమందు కలిపి పెద్ద హంగామా. ముందుగది సగం అయ్యేసరికి నా కంపెనీ మూతపడింది. కూలీ ఇవ్వలేక, కబురు పెడతాను పొమ్మని పనివాడిని పంపేశాను. మీ అమ్మతో సున్నం అయిపోయిందన్నాను. ఇక రోజూ డబ్బా పట్టుకుని బయల్దేరడం, చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని టెండర్ ప్రకటనలతో సహా పేపర్లన్నీ చదవడం, ఐదున్నరకి అలిసిపోయిన మొహం పెట్టుకుని రావడం. రెండు నెలలు! పండక్కి వచ్చినవాళ్లందరి కళ్లూ ఆ సగం గోడ మీదే. మీ అమ్మ పెట్టెలోంచి పెడన కలంకారీ దుప్పటి తీసి, నాలుగు మేకులు కొట్టి దాని మీద కట్టేసింది. ఎక్కడ కొన్నారని మీ పెద్దత్తయ్య రెండుసార్లు అడిగింది కూడా. చాన్నాళ్ల తర్వాత తెలిసింది, మీ అమ్మ మొదట్లోనే పట్టేసిందట. చొక్కా ఉతకబోతూ జేబులో బస్ పాస్ చూసింది, గడువు దాటి ఎనిమిది రోజులు. అడగలేదేమంటే, "మీరే చెప్తారని చూశాను" అంది. అప్పుడు పట్టుకున్న కడుపులో మంట నన్నిప్పటికీ ఆవకాయ ముట్టనివ్వదు.

ఈఎంఐ కట్టడం కష్టమైతే తేదీ దాటకముందే బ్యాంకుకి వెళ్లి మాట్లాడాలి. దాచుకుంటే చక్రవడ్డీ, దాంతోపాటు టెన్షన్. నీ పేరు మీదున్న ఎఫ్‌డీ అలాగే ఉంది. పొద్దున్న ఏమన్నా తింటున్నావా, టీ బిస్కెట్లేనా? చూశావా, లెక్చర్ మొదలెట్టాను.

వచ్చే ఆదివారం వస్తున్నా. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో మారి, మియాపూర్‌లో దిగి ఆటో పట్టుకుంటా. నువ్వు రానక్కర్లేదు. పాత చొక్కా, నాలుగంగుళాల బ్రష్ నా దగ్గరున్నాయి. గంధం రంగులో నీకే షేడు కావాలో నంబరు పెట్టు చాలు. నేనొచ్చేదాకా ఆ నిచ్చెన ఎక్కకు, టైల్స్ మీద జారుతుంది. అమ్మ గోంగూర, కందిపొడి కడుతోంది. పోయినసారి తెచ్చిన స్టీలు డబ్బాలు రెండూ నీ దగ్గరే ఉన్నాయి, కడిగి బయట పెట్టు.

నాన్న