కవర్లో ముడేసి ఇచ్చే కుక్క తిండి

సంపాదకులకు నమస్కారం.

అంగన్‌వాడీలో 31 ఏళ్లు పిల్లల బరువులు తూచాను. ‘పప్పు మీది తేట కాదమ్మా, అడుగున ఉన్న పప్పు పెట్టు’ అని తల్లులకు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టేది. అట్లాంటిదాన్ని, మనవడు తెచ్చిన లాబ్రడార్ కుక్కపిల్లకు రెండు నెలలు పాలన్నం పెట్టి, దాని ముందుకాళ్లు వంకర తిరిగే దాకా తెలుసుకోలేకపోయాను. ఎరిగినవాళ్లు నవ్వితే నవ్వనీ.

పాలన్నం ఒక్కటే కాదు లెండి. హనుమకొండలో మా ఇంటి దగ్గరి దుకాణంలో పెద్ద సంచి విప్పి, కుక్కల తిండి కిలోల లెక్కన అమ్ముతారు. 140 రూపాయలకు కిలో తూచి, కవర్లో పోసి ముడేసి ఇచ్చారు. ఎరుపు, ఆకుపచ్చ గింజలు, చూడ్డానికి బాగున్నాయి. ఆ రెండు రంగుల తేడా కుక్క కంటికి ఆనదని, అవి కొనేవాళ్ల కోసమేనని తర్వాత తెలిసింది.

కాళ్లు చూసి పశువుల డాక్టరు అడిగిన మొదటి మాట: ‘అది పిల్లల తిండా, పెద్ద కుక్కలదా?’ నాకేం తెలుసు? ఎదిగే పిల్లకు మాంసకృత్తులు ఎక్కువ కావాలి. కాల్షియం, ఫాస్ఫరస్ ఒక లెక్క ప్రకారం అందాలి. లాబ్రడార్ లాంటి పెద్ద జాతి పిల్లలకు కాల్షియం ఎక్కువైనా ఎముకలకు చేటే. ఏ వయసు కుక్కకో, ఎప్పటి సరుకో సంచి మీదే ఉంటుంది. బరువులో ఏది ఎక్కువ వేస్తే దాని పేరు ముందు రాస్తారు కాబట్టి, మొక్కజొన్న ముందుందా, చికెన్ ముందుందా చూసుకోవచ్చు. కానీ ఆ సంచి దుకాణంలోనే ఉండిపోయింది, నా చేతికి వచ్చింది ముడేసిన కవరు.

ఇప్పుడు సీలు విప్పని సంచే తెస్తున్నాం. కాళ్లు కొంచెం సర్దుకున్నాయి. ఆదివారం కోడికూరలో ఉల్లిగడ్డ, ఎల్లిపాయ, ఉప్పుకారం పడకముందే నాలుగు మెత్తటి ముక్కలు దానికి ఉడికించి తీస్తాను. ఉల్లి, ఎల్లిపాయ కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఉడికిన బొక్కలు చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. మా ఆయన మాత్రం ‘బొక్క తినని కుక్కేంది’ అని ఇంకా అంటూనే ఉంటారు.

విడిగా అమ్మేవాళ్లు సంచి మీది వివరాలు, తేదీ ఒక చీటీ మీద రాసి కవర్లో వేసేలా అధికారులు చూడాలి. కంపెనీలు తెలుగులోనూ అచ్చు వేయాలి. అంగన్‌వాడీలో పసిపిల్లలకు ఇచ్చే బాలామృతం ప్యాకెట్ మీద తెలుగు ఉండబట్టే తల్లులకు చదివి చూపించగలిగాను. ఈ సంచి మీది ఇంగ్లిష్ చదవాలంటే మనవడు కాలేజీ నుంచి రావాలి. అప్పటిదాకా కుక్కపిల్ల ఆగదు కదా.

- రిటైర్డ్ అంగన్‌వాడీ టీచర్, హనుమకొండ