అమ్మా, నేనుండేది అడవి కాదు

టౌన్స్‌విల్, ఆస్ట్రేలియా,
అక్టోబర్ 12

అమ్మా,

ఫోన్‌లో సగం సేపు నాన్నే మాట్లాడేస్తున్నారు, అందుకే ఇది. హాస్పిటల్ పని మామూలే. నైట్ డ్యూటీలు ఈ నెల తగ్గాయి, టెన్షన్ పడకు.

పిన్ని నీకేం చెప్పిందో గానీ నేనుండేది అడవి కాదు. ఇంటి వెనక చెట్లున్నాయి, అంతే. జామాయిల్ జాతివే, కాకపోతే సత్తుపల్లి దారిలో తోటల్లా వరసగా కాకుండా ఎడంగా ఉంటాయి, మధ్యలో ఎండుగడ్డి. మొన్న ఫోన్‌లో నీకు వినిపించింది పిల్లి కాదు, అక్కడుండే పిట్ట! గ్రేట్ బోవర్‌బర్డ్ అంటారు. వేరే పక్షుల కూతలు, పిల్లి అరుపు కూడా దించేస్తుంది. ఆస్ట్రేలియా ఉత్తరాన ఇలాంటి చెట్ల మధ్యే ఉంటుంది. కాకి కంటే చిన్నది, బూడిద రంగు, చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. మగదానికి మెడ వెనక ఊదా రంగు కుచ్చు ఉంటుంది, అదీ విప్పినప్పుడే కనిపిస్తుంది.

కానీ దాని పనితనం చూడాలి. పుల్లలు నిలువుగా గుచ్చి రెండు గోడలు కడుతుంది, మధ్యలో సన్నటి దారి. దారి చివర్లలో తెల్ల రాళ్లు, నత్తగుల్లలు, ఎముక ముక్కలు, పచ్చటి కాయలు పరుస్తుంది. పక్క పిట్టవి దొంగిలిస్తుంది కూడా. అది గూడు కాదమ్మా, పెళ్లిచూపుల ఏర్పాటు. చిన్నవి దారికి దగ్గరగా, పెద్దవి దూరంగా పెడుతుంది. లోపల నిలబడ్డ ఆడపిట్టకి అన్నీ ఇంచుమించు ఒకే సైజులా కనిపిస్తాయి. జాన్ ఎండ్లర్ అనే శాస్త్రవేత్త బృందం ఆ రాళ్లను తారుమారు చేసి చూస్తే, కొద్ది రోజుల్లోనే పిట్టలు మళ్లీ తమ లెక్క ప్రకారం సర్దేసుకున్నాయట. 2010లో రాశారు. ఈ కనికట్టు బాగా కుదిరిన మగపిట్టకే జత బాగా దొరుకుతోందని 2012లో తేల్చారు.

పెద్దమామయ్య పంపిన ఆ సంబంధం వాళ్ల ఇంటి ఫోటోలు చూశాను. ఆ హాలు అంత పొడుగెలా వచ్చిందో నాకు తెలుసు. సంబంధం వద్దనడం లేదు, కోపం తెచ్చుకోకు. జనవరిలో వచ్చాక ఆ అబ్బాయితో నేనే మాట్లాడతాను, అప్పటిదాకా ఎవరికీ మాట ఇవ్వొద్దు. ఆ ఆడపిట్టే చుట్టుపక్కలవన్నీ తిరిగి చూసుకుంటుంది. ఆ తర్వాత చెట్టు మీద గూడు కట్టేదీ, పిల్లల్ని సాకేదీ అదొక్కతే. మగది మళ్లీ తన రాళ్ల దగ్గరికి పోతుంది. ఈ ముక్క నాన్నకి చదివి వినిపించు.

నవంబర్ నుంచి ఇక్కడ తుఫాన్ల కాలం. టీవీలో క్వీన్స్‌లాండ్ పేరు వినగానే కంగారు పడొద్దు, ఈ రాష్ట్రం మన ఆంధ్రాకి పదింతలకు పైనే. ఎక్కడో కొడితే నాకు చినుకు కూడా పడకపోవచ్చు.

నాన్న బీపీ మాత్రలు ఇంకా పాత చీటీతోనే కొంటున్నారా? ఈసారి డాక్టర్‌కి చూపించి కొత్తగా రాయించమను. తమ్ముడి ఫీజు డబ్బు వేశాను, అందిందో లేదో వాడు చెప్పడు, నువ్వే అడుగు.

నీ పెద్దమ్మాయి