సైకోథెరపిస్ట్ అని పేరు వేసే ముందు ఏం శిక్షణ తీసుకున్నారో అడగండి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో మానసిక ఆరోగ్యం మీద వ్యాసాలు బాగా పెరిగాయి, అందుకు ముందుగా సంతోషం. పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చే శీర్షిక కూడా నేను వదలకుండా చదువుతాను. కానీ జవాబు చెప్పినవారి పేరు కింద 'సైకోథెరపిస్ట్' (అంటే మాటల ద్వారా మానసిక సమస్యలకు చికిత్స చేసేవారు) అనో, ఈమధ్య ఎక్కువగా 'ఇంటిగ్రేటివ్ సైకోథెరపిస్ట్' అనో ఒక్క ముక్క వేసి వదిలేస్తున్నారు. వాళ్లు ఏం చదివారు, ఎన్నేళ్లు చదివారు, ఎవరి పర్యవేక్షణలో పనిచేశారు అన్నది ఎక్కడా ఉండదు. పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్థాయిలో ఈ శిక్షణ తీసుకుంటున్నదాన్ని కాబట్టి దీన్ని చిన్న విషయంగా తీసుకోలేకపోతున్నాను.

ఇంటిగ్రేటివ్ అనగానే చాలామంది అనుకునేది ఏమిటంటే, నాలుగు పద్ధతులు కొంచెం కొంచెం నేర్చుకుని వచ్చినవాళ్లకి ఏది నప్పితే అది వాడేయడం అని. పొట్టి పొట్టి సర్టిఫికెట్ కోర్సులు నడుస్తున్నదీ ఈ అభిప్రాయం మీదే. ఒక వీకెండ్ సీబీటీ (ఆలోచనలనీ అలవాట్లనీ మార్చుకునేలా చేసే థెరపీ), ఒక వీకెండ్ మైండ్‌ఫుల్‌నెస్, ఇంకో వీకెండ్ హిప్నాసిస్, ఆ మూడు సర్టిఫికెట్లూ గోడకి తగిలించి బోర్డు పెట్టేయడమే. నిజానికి వేర్వేరు థెరపీలను కలిపి ఆలోచించడం వెనక దాదాపు తొంభై ఏళ్ల చర్చ ఉంది. సిద్ధాంతాలు ఎంత వేరైనా థెరపీలన్నిటిలో మేలు చేసే అంశాలు కొన్ని ఉమ్మడిగా ఉన్నాయని సాల్ రోజెన్‌జ్వైగ్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1936లోనే రాశాడు. మనసు లోతుల్లోని పాత అనుభవాలను వెతికే సైకోఎనాలిసిస్ వాళ్లకీ, ప్రవర్తనను మార్చడం మీద దృష్టిపెట్టే బిహేవియర్ థెరపీ వాళ్లకీ ఒకరంటే ఒకరికి పడని రోజుల్లో, 1977లో, ఆ రెండింటినీ ఒకచోటికి తేవచ్చని పాల్ వాక్టెల్ అనే మరో అమెరికన్ సైకాలజిస్టు వాదించాడు. 1983 నాటికి ఇలా ఆలోచించేవాళ్లంతా కలిసి ఒక అంతర్జాతీయ సంఘమే పెట్టుకున్నారు. ఇన్నేళ్ల చర్చ చదివినకొద్దీ నాకు అర్థమైంది ఒకటే, కలపడానికి ఒక ఆధారం ఉండాలి. ఈ మనిషికి కష్టం ఎలా మొదలైంది, ఎందుకు తగ్గడం లేదు, ఏం జరిగితే మార్పు వస్తుంది అన్న అవగాహన థెరపిస్ట్‌కి ముందు ఉండాలి, ఎప్పుడు ఏ పద్ధతి అన్నది దాన్నిబట్టి తేలాలి.

అందుకే ఈ శిక్షణకి అంత సమయం పడుతుంది. బ్రిటన్‌లో యూకేసీపీ అనే సైకోథెరపిస్టుల సంఘం రిజిస్టర్‌లో చేరడానికి దారితీసే కోర్సులు మామూలుగా నాలుగేళ్లు ఉంటాయి, అందులో కనీసం 450 గంటలు సూపర్‌విజన్‌తో, అంటే అనుభవమున్న థెరపిస్ట్ పర్యవేక్షణలో, క్లయింట్లను చూడాలి. యూరోపియన్ అసోసియేషన్ ఫర్ సైకోథెరపీ ఇచ్చే సర్టిఫికెట్‌కైతే డిగ్రీ చదువుతో కలిపి కనీసం ఏడేళ్లు, 3,200 గంటలు కావాలి. ఈ గంటల లెక్క విని అందరూ తరగతి గదిని ఊహించుకుంటారు కానీ థియరీ అందులో ఒక భాగం మాత్రమే. థెరపిస్ట్ కాబోయేవాళ్లు తామే క్లయింటుగా మరొకరి దగ్గర థెరపీకి వెళ్లాలి, చాలా కోర్సుల్లో శిక్షణ సాగినన్నాళ్లూ వెళ్లాలి. దీన్ని కొందరు అనవసరమైన ఖర్చు అంటారు, నేనైతే మొత్తం శిక్షణలో తీసేయకూడనిది ఇదే అంటాను. ఎందుకంటే ఎదుటి మనిషి కోపం, ఏడుపు, మౌనం మనలో ఏం కదిలిస్తున్నాయో మనకే తెలియకపోతే, మన టెన్షన్ తగ్గించుకోవడానికి గబగబా ఒక సలహా ఇచ్చేసి, అదే థెరపీ అనుకుంటాం.

ఇక సూపర్‌విజన్. క్లయింట్ ఒప్పుకుంటే సెషన్‌ని రికార్డు చేసి, సూపర్‌వైజర్ పక్కన కూర్చుని వింటారు. మధ్యలో ఆపి, క్లయింట్ వాళ్ల నాన్న గురించి మొదలుపెట్టగానే నువ్వు మాట ఎందుకు మార్చావు అని అడుగుతారు. సమాధానం వెంటనే దొరకదు, కొన్నిసార్లు వారాలు పడుతుంది. వీడియో పాఠాలు చూసి రాసే పరీక్షలో ఈ ప్రశ్న ఎప్పటికీ రాదు.

ఒక ఉదాహరణ చెప్తాను, ఎవరి కేసూ కాదు, చదువుకునేటప్పుడు ఇలాంటివి తరచూ చర్చిస్తాం. ఒకరికి ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, చచ్చిపోతానేమో అన్న భయం. డాక్టరు పరీక్షలన్నీ చేసి గుండె బాగానే ఉందన్నారు. పానిక్‌కి సీబీటీ బాగా పనిచేస్తుందని గట్టి ఆధారాలున్నాయి, కాబట్టి అక్కడే మొదలుపెడతాం, ఒంట్లో కలిగే దడని ప్రమాదంగా ఎలా అర్థం చేసుకుంటున్నారో చూస్తాం, భయపడి మానేసిన పనుల్లోకి మెల్లగా తిరిగి వెళ్లేలా చేస్తాం. తగ్గుతుంది కూడా. కానీ థెరపిస్ట్ సెలవు పెట్టిన ప్రతిసారీ దడ తిరిగొస్తుంటే, ఆ తర్వాతి సెషన్‌కి క్లయింట్ రాకుండా పోతుంటే, అక్కడ జరుగుతున్నది వేరు. ఇంకో టెక్నిక్ వెతుక్కోకుండా, వదిలేసి వెళ్లిపోతారన్న ఆ పాత భయం ఇప్పుడు ఈ గదిలోనే, ఈ ఇద్దరి మధ్యే నడుస్తోందని గుర్తించి నెమ్మదిగా మాట్లాడగలగాలి. అలాగే మొదటి రోజే కళ్లు మూసుకోమని చిన్ననాటి హింసని గుర్తుచేయించి, ఆ మనిషి వణికిపోతుంటే టైమ్ అయిపోయిందని పంపించేస్తే, అతను ఆ రాత్రి ఎలా గడుపుతాడో ఎవరు చూసుకుంటారు? ఎప్పుడు లోతుకి వెళ్లకూడదో, ఆత్మహత్య ఆలోచన ఉందని అనుమానం వస్తే ఎలా సూటిగా అడగాలో, ఎప్పుడు సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపాలో తెలియడమే ఈ శిక్షణలో అన్నిటికంటే ముఖ్యం.

చట్టాల సంగతి చూస్తే దేశానికొక తీరు. ఆస్ట్రియా 1990లోనే సైకోథెరపీకి ప్రత్యేక చట్టం చేసింది, జర్మనీలో 1999 నుంచి అర్హత, లైసెన్సు లేనివాళ్లు సైకోథెరపిస్ట్ అని చెప్పుకోకూడదు. అదే బ్రిటన్‌లో ఇన్ని ప్రమాణాలున్న సంఘాలున్నా ఆ పేరుకి చట్టరక్షణ లేదు, ఎవరైనా పెట్టుకోవచ్చు. చట్టం లేనిచోట ఆ పేరుకి విలువ తెచ్చేది పత్రికలు, టీవీలే. పత్రికలో ఫొటోతో సహా వచ్చిన మనిషిని పాఠకుడు నమ్ముతాడు, ఆ నమ్మకంతోనే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకుంటాడు.

డిగ్రీ లేనివాళ్లెవరూ ఇతరులకి సాయం చేయకూడదని నేను అనడం లేదు. జింబాబ్వేలో ఫ్రెండ్‌షిప్ బెంచ్ అనే కార్యక్రమంలో, శిక్షణ ఇచ్చిన పెద్ద వయసు ఆడవాళ్లు క్లినిక్ బయట బెంచీ మీద కూర్చుని డిప్రెషన్‌తో వచ్చినవాళ్లతో మాట్లాడతారు, దానివల్ల మేలు జరిగిందని 2016లో ట్రయల్ ఫలితాలు కూడా వచ్చాయి. వాళ్లు తమకి నేర్పిన హద్దులో పనిచేస్తారు, వెనక సూపర్‌విజన్ ఉంటుంది, తమది కాని పేరు పెట్టుకోరు. అదే విధంగా, కోర్సు పొడుగ్గా చేసినంత మాత్రాన ప్రతి ఒక్కరూ మంచి థెరపిస్ట్ అయిపోరు, అనుభవం పెరిగినకొద్దీ ఫలితాలు దానంతట అవే పెరగవని పరిశోధనలూ చెప్తున్నాయి. నా బాధ తెలియని విషయాన్ని తెలిసినట్టు చూపించడం గురించి.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది మా ట్రైనీలందరి మాట. ఫీజు మేమే కట్టాలి, మా సొంత థెరపీకి మేమే కట్టాలి, చాలా చోట్ల సూపర్‌విజన్‌కీ మేమే కట్టాలి, క్లయింట్లని చూసే ఆ వందల గంటలు మాత్రం ఎక్కువగా జీతం లేకుండానే చేయాలి. దీనితో డబ్బున్న ఇళ్ల పిల్లలే ఈ వృత్తిలోకి వస్తారు, మిగతావాళ్లు మధ్యలో ఆగిపోతారు లేదా ఆ వీకెండ్ సర్టిఫికెట్లతో సరిపెట్టుకుంటారు. వాళ్లని తప్పుపట్టడం తేలిక. ప్రభుత్వాలు ఆస్పత్రుల్లో, కాలేజీల్లో స్టైపెండ్‌తో కూడిన ట్రైనీ పోస్టులు పెడితే సగం సమస్య అక్కడే తీరుతుంది, దీని మీద మీ పత్రిక ఒక మంచి కథనం రాస్తే చదవాలని ఉంది.

అప్పటిదాకా మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. జవాబులిచ్చే ప్రతి నిపుణుడి పేరు కింద ఒక్క లైను వేయండి: ఏ శిక్షణ, ఎన్నేళ్లు, క్లయింట్లతో ఎన్ని గంటలు, ఇప్పటికీ సూపర్‌విజన్‌లో ఉన్నారా. సరిగ్గా చదువుకున్నవాళ్లకి ఈ ప్రశ్నల వల్ల కోపం రాదు, సంతోషంగా చెప్తారు. చెప్పడానికి ఇష్టపడనివారి జవాబులు వేయాలా వద్దా అన్నది మీ నిర్ణయం, నన్నడిగితే వేయవద్దనే అంటాను.

ఇట్లు,
సైకోథెరపీ శిక్షణలో ఉన్న ఒక పాఠకురాలు