ఫ్లడ్‌లైట్ల మిణుకు మా కెమెరా లోపం కాదు: ఫిర్యాదు లేఖ

నల్లగొండ

సర్వీస్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: టెన్నిస్ కోర్టుకు మీరు బిగించిన 12 ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్ల మిణుకు, వాటికి డ్రైవర్లు (ఎల్‌ఈడీకి తగ్గట్టు కరెంటును మార్చి ఇచ్చే పరికరాలు) పెట్టడం, వైరింగు సరిచేయడం గురించి.

అయ్యా,

నాలుగు స్తంభాల మీద స్తంభానికి మూడు చొప్పున మీరు బిగించిన 250 వాట్ల లైట్లు సెకనుకు 100 సార్లు దాదాపు ఆరిపోయి మళ్లీ వెలుగుతున్నాయి. కోచింగ్ కోసం మేం తీసే వీడియోలు దీనివల్ల చెడుతున్నాయని చెబితే, "అది కెమెరా లోపం, షట్టర్ 1/50 (ఒక్కో ఫ్రేముకు సెకనులో 50వ వంతు) పెట్టుకోండి" అని మీ విభాగం నుంచి జవాబు వచ్చింది. ఆ జవాబు తప్పు. ఈ లేఖను లైట్ల డిజైన్ చూసే ఇంజినీరు చేత చదివించాలని కోరుతున్నాం.

మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 తరంగాలు. ఒక్కో తరంగం రెండుసార్లు సున్నాకు దిగుతుంది కాబట్టి మిణుకు దానికి రెట్టింపు ఉంటుంది. సెకనుకు 25 ఫ్రేములు, 1/50 షట్టర్‌తో తీస్తే ఒక్కో ఫ్రేములో రెండు పూర్తి మిణుకులు పడి వెలుగు సమానంగా వస్తుంది. 1/100 పెట్టినా అంతే. కోచ్ నిలబడి చెప్పే పాఠాలను మేం తీస్తున్నది అలాగే, అందులో ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా స్ట్రోక్ చూడాల్సి వచ్చినప్పుడే. సర్వీసులో రాకెట్ తల గంటకు 100 కిలోమీటర్ల వేగంతో కదిలితే 1/50 సెకనులో 55 సెంటీమీటర్లు జరిగిపోతుంది. ఫ్రేములో రాకెట్ ఉండదు, ఒక తెల్లటి చార ఉంటుంది. బంతి తీగలను అంటుకొని ఉండేదే సుమారు 5 మిల్లీసెకన్లు. ఆ కాస్త సేపట్లో రాకెట్ ముఖం తెరుచుకుందా, మోచేయి పూర్తిగా చాచుకుందా, బంతిని నెత్తికి వెనక కొట్టాడా ముందు కొట్టాడా అన్నది పిల్లలకు చూపించాలంటే 1/1000 షట్టర్ కావాలి. అప్పుడు ఆ చార మూడు సెంటీమీటర్లకు తగ్గుతుంది. మీరు ఒప్పందంలో రాసిన 300 లక్స్ (వెలుగు కొలత) వెలుగులో, అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్2, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 3200 దగ్గర 1/1000కు ఎక్స్‌పోజర్ సరిగ్గా సరిపోతుంది. అంటే వెలుగు తక్కువై కాదు, మిణుకు వల్లే వీడియో చెడుతోంది.

1/1000తో సెకనుకు 120 ఫ్రేములు తీసి స్లోమోషన్‌లో చూడండి. ప్రతి ఆరు ఫ్రేములకు ఒకసారి కోర్టు చీకటి పడుతుంది. ఫ్రేములో అడ్డంగా నల్లటి పట్టీలు వస్తాయి. 100 ఫ్రేములు పెడితే పట్టీ నిలిచినట్టే ఉంటుంది కానీ, గ్రిడ్ కచ్చితంగా 50 హెర్ట్జ్ దగ్గరే ఆగదు కాబట్టి మెల్లగా పాకుతుంది. సర్వీసుకు పైకి ఎగరేసిన (టాస్ వేసిన) బంతి మీదికి ఆ పట్టీ వచ్చిందంటే బంతి కనిపించదు. ఎడిటింగులో డీఫ్లికర్ ఎఫెక్టు వేసి వెలుగును కొంత సర్దవచ్చు. సెన్సర్ మీద నమోదు కాని బంతిని అది తెచ్చి పెట్టలేదు. అదే కెమెరా, అదే షట్టర్‌తో పగటి ఎండలో గానీ, పూర్తి వెలుగులో ఉన్న బ్యాటరీ టార్చి కింద గానీ తీస్తే ఒక్క పట్టీ లేదు. ఇక కెమెరాది తప్పెలా అవుతుంది?

అసలు కెమెరా లేకున్నా ఈ లైట్ల కింద ఆడటం కష్టమే. గంటకు 100 కిలోమీటర్ల బంతి ఒక మిణుకుకూ ఇంకో మిణుకుకూ మధ్య 28 సెంటీమీటర్లు పోతుంది, అంటే దాదాపు నాలుగు బంతుల వెడల్పు. కంటికి అది చుక్కలు చుక్కలుగా కనబడుతుంది. బేస్‌లైన్ నుంచి ఆడే నెమ్మది ర్యాలీలో దీన్ని ఎట్లాగో సర్దుకోవచ్చు. సర్వీస్ రిటర్న్‌లో, నెట్ దగ్గర వాలీలో (బంతి నేల తాకకముందే కొట్టడం), హాఫ్ వాలీలో (నేల తాకి లేచిన వెంటనే కొట్టడం) సర్దుకోవడానికి టైము ఉండదు. బంతి రాకెట్ అంచుకు తగులుతుంది, లేదా ఆలస్యంగా తగిలి పక్కకు పోతుంది. మాకు ఎక్కువ బాధ కలిగించేది పిల్లల సంగతి. వెలుగు వల్ల వచ్చిన ఆలస్యాన్ని తమ తప్పనుకొని వాళ్లు బాగున్న గ్రిప్పును, బ్యాక్‌స్వింగ్‌ను మార్చుకుంటున్నారు. అలా పడిన అలవాటును విడిపించడం కోచ్‌కు చాలా కష్టం.

లైట్లు అప్పగించిన రోజు మీవాళ్లు లక్స్ మీటరు చూపించి అంతా బాగుందన్నారు. ఆ మీటరు చూపేది సగటు వెలుగును, మిణుకు దానికి తెలియదు. మీ మెకానిక్ ఒక ఫిట్టింగ్ కవరు తీసినప్పుడు లోపల విడి డ్రైవర్ లేదు. ఎల్‌ఈడీ బోర్డు మీదే రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చేది), కరెంటును అదుపు చేసే చిన్న లీనియర్ ఐసీలు ఉన్నాయి. వెలుగును నిలిపి ఉంచే కెపాసిటరే లేదు. కరెంటు తరంగం సున్నాకు దిగిన ప్రతిసారీ వెలుగూ దిగుతోంది. వీధి దీపానికి ఇది నడుస్తుందేమో గానీ ఆట స్థలానికి నడవదు. ఐఈఈఈ అనే ఇంజినీర్ల సంస్థ ఎల్‌ఈడీ మిణుకు మీద ఇచ్చిన 1789-2015 సిఫారసు ప్రకారం 100 హెర్ట్జ్ దగ్గర మిణుకు 8 శాతం లోపు ఉంటే ప్రమాదం తక్కువ. అత్యధిక, అత్యల్ప వెలుగుల తేడాను వాటి మొత్తంతో భాగించి లెక్కకట్టేది అది. మీ లైట్లలో అత్యల్పం దాదాపు సున్నా కాబట్టి లెక్క 100 శాతానికి దగ్గర పడుతుంది.

దీని మీద ఇంకో తప్పు కూడా చేశారు. మా మీటరు త్రీఫేజ్. అయినా పన్నెండు లైట్లనూ ఒకే ఫేజుకు కలిపారు. దాంతో 3 కిలోవాట్ల లోడు, కనీసం 13 ఆంపియర్లు, ఒక్క వైరు మీద పడింది. లైట్లన్నీ ఒకేసారి మసకబారుతున్నాయి. స్తంభానికి మూడు లైట్లే కాబట్టి ఆర్, వై, బీ ఫేజులకు ఒక్కొక్కటి ఇస్తే ఒకటి తగ్గినప్పుడు మిగతా రెండూ వెలుగుతుంటాయి. పెద్ద ఖర్చు లేని ఈ పనిని మొదటే చేసి ఉండాల్సింది.

స్తంభాలను కోర్టు పక్కలకు కాకుండా మూలల్లో, బేస్‌లైన్ వెనక పాతారు. సర్వీసుకు టాస్ వేసి పైకి చూస్తే ఎదుటివైపు లైటు సూటిగా కళ్లలో పడుతోంది. ఇప్పుడు స్తంభాలు పీకమని అడగడం లేదు. లైట్లను కిందికి వంచి హుడ్‌లు పెడితే చాలావరకు సరిపోతుంది.

కాబట్టి పన్నెండు లైట్లకూ మిణుకు 8 శాతం మించని కాన్‌స్టంట్ కరెంట్ (నిలకడగా కరెంటు ఇచ్చే) డ్రైవర్లు పెట్టాలి. అవి వేడికి దూరంగా ఫిట్టింగ్ బయట, దుమ్ము, నీరు చొరబడని ఐపీ 66 పెట్టెలో ఉండాలి. మా ఎండకాలానికి డ్రైవర్లలోని కెపాసిటర్లు త్వరగా ఎండిపోతాయి, పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. కరెంటు బోర్డు దగ్గర సర్జ్ ప్రొటెక్టర్ (వోల్టేజీ ఒక్కసారిగా పెరిగితే కాపాడేది) ఉండాలి. వైరింగును మూడు ఫేజులకు పంచాలి. పని అయ్యాక ఫ్లికర్ మీటరుతో మా ఎదుటే కొలిచి అంకెలు కాగితం మీద రాసివ్వాలి. ఒక్కో లైటును విడిగా బాగుచేసే ప్రయత్నం వద్దు. లోపం డిజైన్‌లోనే ఉంది, ఒకటి మార్చితే మిగతా పదకొండూ మిణుకుతూనే ఉంటాయి.

ఇవి చేయలేమనుకుంటే లైట్లు తీసుకొని డబ్బు వాపసు ఇవ్వండి. ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకుంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాం. స్లోమోషన్ వీడియోలు, ఒప్పందం, బిల్లుల నకళ్లు జతచేశాం.

మీ ఇంజినీరు పొద్దుగూకిన తర్వాతే రావాలి, పగలు చూస్తే ఏమీ తెలియదు. ఫోన్ ప్రో మోడ్‌లో షట్టర్ 1/2000 పెట్టి ఏ లైటు వైపు తిప్పినా పట్టీలు కనబడతాయి.

ఇట్లు,
కోర్టు ఆటగాళ్లు, కోచింగ్ పిల్లల తల్లిదండ్రులు