'పిల్లలు పుట్టాక ఇవన్నీ మామూలే' అనకండి

సంపాదకులకు,

రెండో కాన్పు అయ్యాక ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు నా చేతిలో పెట్టిన డిశ్చార్జి కాగితంలో బిడ్డ టీకాల తేదీలున్నాయి, నా ఐరన్ మాత్రలున్నాయి, కుట్లు ఎప్పుడు చూపించుకోవాలో కూడా ఉంది. తొమ్మిది నెలలు బరువు మోసిన కండరాల గురించి ఒక్క ముక్క లేదు. నెల తిరక్కుండానే తుమ్మినా, దగ్గినా, చివరికి నవ్వినా మూత్రం జారిపోవడం మొదలైంది. ఎవరికి చెప్పుకున్నా ఒకటే జవాబు, పిల్లలు పుట్టాక ఇవన్నీ మామూలే అని.

చాలామందికి వస్తుంది, నిజమే. అంతమాత్రాన భరిస్తూ కూర్చోవాలా? ఏడాది తర్వాత సిగ్గు వదిలి ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్తే తేలిందేంటంటే, మూత్రం జారకుండా చేసే కెగెల్ వ్యాయామం అనుకుని నేను అన్నాళ్లూ బిగించింది పొట్టనీ తొడలనీ! బిగించాల్సినవి మూత్రాశయాన్నీ గర్భసంచినీ కింద నుంచి మోసే పెల్విక్ ఫ్లోర్ కండరాలు. మూత్రాన్నీ గ్యాస్‌నీ ఒకేసారి ఆపుకుంటున్నట్టు లోపలికి, పైకి లాగాలి, ఊపిరి బిగబట్టకుండా కొన్ని సెకన్లు అలాగే ఉంచాలి, తర్వాత పూర్తిగా వదిలేయాలి. ఆ వదలడం సరిగ్గా రావడానికే నాకు వారం పట్టింది. మూడు నెలలు రోజూ చేశాక తేడా తెలిసింది. ఆర్నాల్డ్ కెగెల్ అనే డాక్టరు ఈ సంగతి 1948లోనే రాశారట, మాకు చెప్పేవాళ్లే లేరు.

గర్భంతో ఉన్నప్పుడేమో అందరూ కదలకు, పడుకో అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మాత్రం, వేరే ఇబ్బందుల్లేని గర్భిణులు, బాలింతలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని ఉంది. నడకైనా సరే, ఈతైనా సరే, చేస్తూ మాట్లాడగలిగితే ఆ వేగం చాలు. నెలలు పెరిగేకొద్దీ వెల్లకిలా ఎక్కువసేపు పడుకుని చేసేవి మానాలి, గర్భసంచి బరువు పెద్ద రక్తనాళం మీద పడి కళ్లు తిరుగుతాయి. మాయ కిందికి ఉన్నవాళ్లు, గర్భంలో బీపీ బాగా పెరిగే ప్రీఎక్లాంప్సియా ఉన్నవాళ్లు, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేయించుకున్నవాళ్లు డాక్టర్ని అడగకుండా ఏదీ మొదలుపెట్టకూడదు. రక్తం కనిపించినా, ఉమ్మనీరు కారినా, ఛాతీలో నొప్పి వచ్చినా, పిక్క వాచి నొప్పెట్టినా వెంటనే ఆపేసి ఆసుపత్రికి వెళ్లాలి.

ఇవేవీ చెప్పేవాళ్లు లేకపోతే ఏమవుతుంది? ఫోన్‌లో వీడియోలు చూస్తాం. పొట్ట తగ్గించుకోవాలన్న టెన్షన్‌లో కాన్పైన మూడో వారానికే, వెల్లకిలా పడుకుని తల, భుజాలు పైకి లేపే క్రంచెస్ మొదలుపెట్టిన వాళ్లు నాకు తెలుసు. పొట్ట మధ్యలో కండరాలు విడిపోయి ఉన్నాయేమో చూడకుండా అలా చేయడం తొందరపాటు కదా.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. డిశ్చార్జికి ముందు ఫిజియోథెరపిస్టు మంచం దగ్గరికొచ్చి పది నిమిషాలు చూపించాలి, ఆరు వారాల చెకప్‌లో సరిగ్గా చేస్తున్నామో లేదో ఒకసారి చూడాలి. ఫ్రాన్స్‌లో కాన్పు తర్వాత పెల్విక్ ఫ్లోర్ కండరాల ఫిజియోథెరపీకి ప్రభుత్వ ఆరోగ్య బీమాయే డబ్బు కడుతుంది. నా ఆరు వారాల చెకప్‌లో బిడ్డ బరువు చూశారు, కుట్లు చూశారు, పంపేశారు. తుమ్మితే మూత్రం పడుతోందా అని ఎవరూ అడగలేదు. అడిగుంటే చెప్పేదాన్ని.

– ఒక పాఠకురాలు