గ్యారేజీలో కారు: నాన్నగారికి ఉత్తరం

హ్యూస్టన్,
మే 18

నాన్నగారికి,

నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ అమ్మ, మీరు క్షేమమని తలుస్తాను.

జూన్ మొదటివారంలో బయల్దేరుతున్నాను. మోకాలి ఆపరేషన్ అయ్యి అమ్మ మళ్ళీ మెట్లెక్కేదాకా, అంటే ఓ నాలుగు నెలలు అక్కడే ఉంటాను. ఆఫీసులో ఒప్పుకున్నారు.

నిన్న ఫోన్లో మీరు "కారు సంగతేంటమ్మా, పక్కింటివాళ్ళకి తాళాలిచ్చి వారానికోసారి స్టార్ట్ చేయించు" అన్నారు. నేను ఊఁ అని ఊరుకున్నాను. పోయినసారి చేసింది అదే నాన్నా. తిడతారని మీకు చెప్పలేదు.

అప్పుడు మూడు నెలల తర్వాత తిరిగొచ్చి గ్యారేజీ తలుపు తీస్తే ముందు వాసన కొట్టింది. మన పాత పెంకుటింట్లో వానాకాలం అటక మీంచి పరుపులు దించితే వచ్చేదే, ఆ వాసన. స్టీరింగు మీద, సీటుబెల్టుల మీద, తోలు సీట్ల మడతల్లో బూడిదరంగు బూజు. సరే, బయటికి తీద్దామంటే బండి కదలదు. హ్యాండ్‌బ్రేకు వేసి వెళ్ళాను కదా, అది తుప్పు పట్టి చక్రాలని పట్టేసుకుంది. యాక్సిలరేటర్ తొక్కితే ఠప్పుమని ఆ పట్టు ఊడి బండి కదిలింది. ఏం విరిగిందోనని హడలిపోయాను.

పాపం పక్కింటి పెద్దాయన ప్రతి శనివారం మర్చిపోకుండా అయిదు నిమిషాలు ఇంజను ఆన్ చేశాడు. చేసిన మేలు తక్కువ, కీడు ఎక్కువ. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్ళు పుడతాయి, తెలుసా? ఆవిరిగా వస్తాయి కాబట్టి మనకి కనపడవు. ఇంజను బాగా కాగితే అదంతా బయటికి పోతుంది. అయిదు నిమిషాలకి ఏం కాగుతుంది? ఆ ఆవిరి సైలెన్సర్లో, ఆయిల్లో నీళ్ళై కూర్చుంటుంది. స్టార్ట్ చేయడానికి బ్యాటరీ ఇచ్చిన కరెంటు కూడా అంతలో తిరిగి నిండదు. తిప్పితే ఇరవై, ముప్ఫై నిమిషాలు రోడ్డు మీద తిప్పాలి, లేకపోతే అసలు ముట్టుకోకూడదు.

ఇక్కడి గాలి కూడా కాకినాడ గాలికి చుట్టమే. పొద్దున్నే తేమ 90 శాతం ఉండటం మామూలు. ఇంట్లో ఏసీ ఉంటుంది గానీ గ్యారేజీకి ఉండదు. తేమ 60 శాతం దాటి అలాగే ఉండిపోతే బూజుకి పండగే. అందుకని ఈసారి గాలిలో తేమ లాగే మిషను ఒకటి కొన్నాను. 50 దగ్గర పెట్టాను. దాని బకెట్టు రోజూ పారబోసేవాళ్ళు లేరు కాబట్టి గొట్టం తగిలించి బయటికి వదిలాను. తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ వేయించాను. మీరు మిల్లు గోడౌన్లో బస్తాలు నేల మీద పెట్టనిచ్చేవారు కాదు కదా, చెమ్మ లాగుతుందని. ఈ సిమెంటు నేలా అంతే. కారు కింద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచాను. పైన మాత్రం ప్లాస్టిక్ కప్పకూడదు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. గుడ్డ కవరు చాలు.

ఒక్క విషయం మాత్రం నాకు అసలు తట్టనేలేదు. ఏసీ వేసుకుని ఇంటికొచ్చి ఇంజను ఆపేస్తే లోపల గాలిని చల్లబరిచే కాయిల్ తడిగానే ఉండిపోతుంది. బూజు మొదలయ్యేది అక్కడే. చివరిరోజు ఇంటికి ఓ పది నిమిషాల దూరంలోనే ఏసీ ఆపేసి, ఫ్యాను మాత్రం గట్టిగా తిప్పుకుంటూ రావాలట. చెమటలు కక్కుకుంటూ వస్తాను, ఏం చేస్తాం. అమ్మ కలరా ఉండలు పెట్టమంది. వద్దని చెప్పండి, ఆ వాసనతో రోజూ ఆఫీసుకి వెళ్ళడం నా వల్ల కాదు.

మిగతావి చిన్నవే. ట్యాంకు నిండా పెట్రోలు పోయించి, పాడవకుండా ఉండే మందు కలిపాను. ఇక్కడి పెట్రోల్లో ఇథనాల్ ఉంటుంది, అది నీళ్ళని పీల్చుకుంటుంది. ఆయిల్ మార్పించాను. టైర్లలో గాలి కాస్త ఎక్కువ పెట్టాను. బ్యాటరీకి సన్నగా ఛార్జింగ్ ఎక్కించే పరికరం ఉంది. హ్యాండ్‌బ్రేకు వేయను, చక్రాలకి చెక్క దిమ్మెలు పెడతాను. ఎలుకలు దూరకుండా సైలెన్సర్ మూతిలో ఇనుప పీచు కుక్కుతాను. వచ్చాక తీయడం మర్చిపోతానని స్టీరింగు మీద కాగితం అంటిస్తాను.

తాళాలు మాత్రం ఈసారీ పెద్దాయనకే ఇస్తున్నాను, స్టార్ట్ చేయడానికి కాదు. జూన్ నుంచి నవంబరు దాకా ఇక్కడ తుఫాన్ల కాలం. 2017లో హార్వే వచ్చినప్పుడు ఈ ఊళ్ళో మునిగిన కార్లకి లెక్కలేదు. వీధిలోకి నీళ్ళొచ్చేలా ఉంటే బండిని ఎత్తుగా ఉన్నచోటికి తీసుకెళ్ళమన్నాను. కరెంటు పోతే తేమ మిషనూ ఆగిపోతుంది, దానికి నేను చేయగలిగింది ఏమీ లేదు.

అన్నట్టు, మెట్ల కింద చేతక్ స్కూటర్‌ని మీరింకా ప్రతి ఆదివారం వంచి, కిక్కు కొట్టి, రెండు నిమిషాలు ఉంచి ఆపేస్తున్నారని అమ్మ చెప్పింది. సైలెన్సర్ రెండుసార్లు చిల్లు పడింది ఎందుకో ఇప్పుడు అర్థమైందా? కొడితే బజారు దాకా వెళ్ళి కూరగాయలు తెండి. లేదంటే నేనొచ్చేదాకా దాన్ని ముట్టుకోకండి.

ఉంటాను,
మీ అమ్మాయి